జ్వరమొచ్చినా.. హాజరే!

* పక్క ఆఫీసులో ఏడాదికి 12 రోజుల సెలవు.. సైటులో ఒక్కరోజూ లేదు
* మూడు రోజుల నాగా పెడితే నెల వడ్డీ గల్లంతు
* ఆసుపత్రిలో చేరితే సాయం.. షెడ్డులో పడుకుంటే పస్తే

బ్రూక్‌ఫీల్డ్ (బెంగళూరు): ఉదయం ఏడున్నర. ఐటీపీఎల్ రోడ్డు మీద క్యాబ్‌ల మోత అప్పుడే మొదలవుతుంది. ఏఈసీఎస్ లేఔట్‌లోని ఓ పీజీ హాస్టల్లో ఉండే తెలుగు కుర్రాడికి రాత్రి నుంచి ఒకటే జ్వరం. సెల్‌ఫోన్ తీసి ‘ఒంట్లో బాగోలేదు, ఈరోజు రాలేను’ అని ఆఫీసుకు ఓ మెసేజ్ పెట్టి మళ్లీ దుప్పటి ముసుగేస్తాడు. నెలాఖరుకు జీతంలో పైసా తగ్గదు. అదే వీధి చివర కడుతున్న భవనం వెనక రేకుల షెడ్డు. అందులో ఉండేదీ తెలుగువాడే. అతనికీ రాత్రి నుంచి జ్వరమే. మెడికల్ షాపులో కొన్న రెండు మాత్రలు టీతో మింగి, తలకు తువ్వాలు బిగించి, తట్ట పట్టుకుని మూడో అంతస్తుకు మెట్లెక్కుతాడు. ఇద్దరినీ కుట్టింది ఒకే దోమ అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరికి సెలవుందో ఎవరికి లేదో దోమకేం తెలుసు?

బ్రూక్‌ఫీల్డ్, కుందలహళ్లి, తూబరహళ్లి, మున్నేకొళాల.. ఎటు చూసినా ఏ వానాకాలమైనా ఇదే వరస. ‘వీళ్లంతే, మొండివాళ్లు. చెబితే వినరు’ అని సూపర్‌వైజర్లు తేల్చేస్తారు. ‘చదువు లేదు కదా, ఆరోగ్యం మీద అవగాహన లేదు’ అని ఇంకొందరు జాలిపడతారు. రెండూ తప్పే. ఒళ్లు కాలిపోతుంటే పడుకోవాలని ఎవరికి తెలియదు? తెలిసే పోతారు. ఎందుకంటే పడుకుంటే ఎంత పోతుందో వాళ్లకు వేళ్ల మీద లెక్క ఉంది. ఆ లెక్క ఒకసారి చూస్తే మొండితనం ఎక్కడుందో తెలుస్తుంది.

సుగ్గి బాట.. సిమెంటు మూట

1990ల చివర్లో ఐటీపీఎల్ వచ్చాక ఈ ప్రాంతం రూపమే మారిపోయింది. రాగి చేలు, తోటలు ఉన్న చోట అపార్టుమెంట్లు లేచాయి. అవి లేపడానికి సరిహద్దు దాటి జనం వచ్చారు. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని కదిరి, తనకల్లు, నంబులపూలకుంట వైపు నుంచి కొందరు. కర్నూలు జిల్లా పడమటి పల్లెలు కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు నుంచి మరికొందరు. అక్కడ వలసపోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. కోతలకు పోయే ఆ మాటే ఇప్పుడు కాంక్రీటు పనికీ అతుక్కుంది. నారాయణపేట, మక్తల్ నుంచి వచ్చే పాలమూరు కూలీలది ఇంకా పాత చరిత్ర. నాగార్జునసాగర్, శ్రీశైలం దగ్గర నుంచి దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టి మోసిన చేతులవి. వీళ్ల పక్కనే యాదగిరి, రాయచూరు, కలబురగి కన్నడిగులు, ఇటీవలి కాలంలో బీహార్, ఒడిశా, బెంగాల్ వాళ్లు.

ఊళ్లో నుంచి బయల్దేరేటప్పుడే సగం కథ నడిచిపోతుంది. బోరు ఎండిపోయి అప్పు, కూతురి పెళ్లి అప్పు, ఆసుపత్రి అప్పు.. ఏదో ఒకటి లేకుండా సుగ్గికి వచ్చేవాళ్లు తక్కువ. నూటికి మూడు రూపాయల వడ్డీ పల్లెల్లో మామూలు మాట. లక్ష అప్పుంటే నెలకు మూడు వేలు వడ్డీకే.

ఒక నాగా.. ఎన్ని కోతలో

సైటు భాషలో పనికి రాకపోవడం ‘నాగా’. లెక్క కోసం ఒక జతను తీసుకుందాం. సైట్లలో జత అంటే భార్యాభర్తలు. అతను మేస్త్రీ పని చేస్తాడు, రోజుకు వెయ్యి. ఆమె ఇటుకలు, మాలు అందిస్తుంది, రోజుకు ఆరు వందలు. (ఆమె మోసే బరువు తక్కువేం కాదు, కూలి మాత్రం తక్కువ. అది వేరే కథ.) అతనికి జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్నాడు. మూడు వేలు పోయాయి. అంటే సరిగ్గా లక్ష అప్పు మీద ఒక నెల వడ్డీ.

అక్కడితో ఆగితే బాగుండు. మొదటి రోజు ఒళ్లు తెలియని జ్వరం. షెడ్డులో ఒంటరిగా వదిలి ఆమె పనికి ఎలా పోతుంది? ఆమె ఆరు వందలూ పోయాయి. క్లినిక్కులో డాక్టరు ఫీజు, రక్తపరీక్ష, మందులు, ఆటో.. తక్కువలో తక్కువ పదిహేను వందలనుకున్నా మొత్తం అయిదు వేల పైమాటే. ఆ వారం బియ్యం, గ్యాసు, ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్న పిల్లల ఖర్చు ఎలాగూ ఆగవు. ఇటు చూస్తే పారాసిటమాల్ పట్టీ ఇరవై, ముప్పై రూపాయలు. ఏ వైపు మొగ్గుతారో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు.

జ్వరం ఆమెకు వస్తే లెక్క ఇంకో రకం. పనికి పోకపోయినా పొయ్యి ముట్టించాలి, నీళ్లు పట్టాలి, బట్టలుతకాలి. ఎలాగూ లేచి పనిచేయాల్సిందే అయినప్పుడు ఆ పనేదో సైటులో చేస్తే ఆరు వందలైనా వస్తాయని బయల్దేరుతుంది. షెడ్డులో పడుకోవడమూ సుఖం కాదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే రేకుల కింద పొయ్యి మీద పెనంలా ఉంటుంది. కడుతున్న భవనం మెట్ల కిందే చల్లగా ఉంటుందని జ్వరంతో అక్కడికొచ్చి కూర్చునేవాళ్లున్నారు. కూర్చున్నవాడిని చూసి ఎవరో ఒకరు ‘కాస్త ఆ కడ్డీ అందుకో’ అంటారు. అంతే, పనిలో పడ్డట్టే.

మేస్త్రీ మామకు ఏం చెప్పాలి?

కూలి పోవడం ఒక్కటే అయితే కొందరైనా ఓర్చుకుని పడుకుంటారు. అసలు బిగింపు డబ్బు ఇచ్చే పద్ధతిలో ఉంది. చాలా సైట్లలో కూలి మొత్తం ఏ వారానికి ఆ వారం చేతికి రాదు. వారానికోసారి బియ్యం, కూరగాయలకు సరిపడా ‘ఖర్చు’ ఇస్తారు. మిగతాది మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. ఊరికి పోయేటప్పుడో, పండక్కో లెక్క చూసి ఇస్తారు. అంటే కూలివాడి రెండు మూడు నెలల చెమట ఎప్పుడూ ఇంకొకరి జేబులో ఉంటుంది. జ్వరమొచ్చిందని వారం పడుకుని, ఆనక వేరే సైటు చూసుకుందామంటే ఆ బాకీ ఎవరిస్తారు? ఎవరినడగాలి? రాసుకున్నది మేస్త్రీ, చూపించేదీ మేస్త్రీ.

పాలమూరులో దీనికి ముందే ఇంకో ముడి పడి ఉంటుంది. అక్కడ గుంపు మేస్త్రీ వ్యవస్థ తరాల నాటిది. ఊళ్లో ఉండగానే జతకు ఇంత అని అడ్వాన్సు ముట్టజెప్పి, దాని కింద నెలల తరబడి పనికి తీసుకుపోతారు. అడ్వాన్సు తీరేదాకా ప్రతి రోజూ లెక్కే. నాగా పెట్టిన రోజును చివర్లో కలిపేస్తారు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. కాగితం మీద ఇది వెట్టి కాదు, అడ్వాన్సు. జ్వరంతో లేచి నిలబడేవాడికి ఆ రెండింటికీ తేడా చెప్పడం కష్టం.

పైగా మేస్త్రీ పరాయివాడు కాడు. సొంత ఊరివాడు, చాలాసార్లు వరసకు మామో, బావో, చిన్నాయనో అవుతాడు. ‘మామా, ఈపొద్దు ఒళ్లు బాగలేదు’ అంటే తిట్టడు. ‘సరేలే, పడుకో’ అంటాడు. కానీ మర్నాడు ఆ చోట ఇంకొకడు నిలబడి ఉంటాడు. తెల్లవారితే కూడళ్ల దగ్గర టిఫిన్ డబ్బాలతో నిలబడే అడ్డా కూలీలకు కొదవ లేదు. ఒకసారి చోటు పోతే మళ్లీ పిలిచేదాకా ఎదురుచూపే. మామ మీద కోపం తెచ్చుకుంటే ఊళ్లో మొహం చెల్లదు. చుట్టరికం ఇక్కడ ధైర్యమూ ఇస్తుంది, నోరూ కట్టేస్తుంది.

మేస్త్రీని ఒక్కడినే దోషిని చేస్తే న్యాయం కాదు. అతనికి పని చదరపు అడుగు లెక్కన వస్తుంది. మనుషులు వచ్చినా రాకపోయినా గడువు గడువే. అతనికి కంట్రాక్టరు బాకీ, కంట్రాక్టరుకు బిల్డరు బాకీ. ఫ్లాటు ఫలానా నెలలో అప్పగిస్తామని పైన ఎవరో సంతకం పెట్టి ఉంటారు. ఆ సంతకం బరువు మెట్టు మెట్టుకూ కిందికి జారి చివరికి తట్ట మోసేవాడి నెత్తిన కూర్చుంటుంది.

స్లాబు రోజు మరీ కష్టం

మిగతా రోజుల సంగతి ఎలా ఉన్నా స్లాబు రోజు నాగా పెట్టడమంటే గుంపునే మోసం చేసినట్టు చూస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. రెడీమిక్స్ లారీ వచ్చి నిలబడితే కాంక్రీటు ఆగదు, కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది. పోత మధ్యలో ఆగితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ అతుకు సరిగా పడదు. రేపు అక్కడే నీళ్లు కారుతాయి. కాబట్టి మొదలుపెడితే చివరిదాకా పోయాల్సిందే. పగలు పెద్ద లారీలకు ఆంక్షలున్న నగరం కనుక ఈ పని చాలాసార్లు రాత్రిళ్లు సాగుతుంది. పది మంది చేయాల్సిన పని తొమ్మిది మంది చేస్తే ఆ పదోవాడి బరువు తోటివాళ్ల మీద పడుతుంది. అందుకే స్లాబు రోజున మేస్త్రీ అడగకముందే పక్కవాళ్లే లేపుతారు. ‘ఈ ఒక్క రాత్రి ఓర్చుకోరా’ అని.

జ్వరంతో తల తిరిగే మనిషి, రాత్రి వేళ, కాలి కింద సెంట్రింగ్ చెక్కలు. ఏం జరగొచ్చో వేరే చెప్పాలా? కిందపడితే ‘ప్రమాదం’ అని రాస్తారు. ముందురోజు జ్వరం సంగతి ఏ రికార్డులోనూ ఉండదు.

జ్వరం తగ్గిందంటే భయపడాల్సిందే

మాత్ర వేసుకుంటే జ్వరం దిగుతుంది, రోగం దిగదు. డెంగీలో ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఒళ్లు చల్లబడుతుంది. ‘హమ్మయ్య, తగ్గింది’ అని పనిలోకి పోతారు. నిజానికి అసలు గండం అప్పుడే. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరడం, బీపీ పడిపోవడం, రక్తస్రావం ఆ రోజుల్లోనే జరుగుతాయి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. అదే సమయంలో మనవాడు నాలుగో అంతస్తు మీద ఎండలో ఇటుకలు పేరుస్తుంటాడు.

ఒళ్లునొప్పులకని షాపులో అడిగి తీసుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు, సూదులు ఇంకో చిక్కు. డెంగీలో ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయినప్పుడు వేసుకుంటే మూత్రపిండాల మీద దెబ్బ. ఆడవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. సైటులో సరైన మరుగుదొడ్డి లేక పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులోనే వేసుకోవాలని వైద్యులు మొత్తుకునేది ఇందుకే.

దోమలకు నిర్మాణ స్థలాలు పుట్టిళ్లు. క్యూరింగ్ కోసం స్లాబు మీద నిలబెట్టే నీళ్లు, డ్రమ్ములు, లిఫ్టు గుంతలు.. అన్నిటా మంచినీళ్లే. డెంగీ దోమకు కావాల్సిందీ అలాంటి నీళ్లే. 2024లో డెంగీ విజృంభించినప్పుడు కర్ణాటక సర్కారు సెప్టెంబరులో దాన్ని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరిగేలా నీళ్లు వదిలేసే స్థలాల యజమానులకు జరిమానాలు పెట్టింది. ఆ నీళ్ల పక్కనే పడుకునేవాడు ఒక్కరోజు విశ్రాంతి తీసుకుంటే కూలి ఎవరివ్వాలన్న సంగతి మాత్రం ఆ నిబంధనల్లో లేదు.

దగ్గుదీ అదే దారి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. క్షయ అని తేలితే మందులూ ఉచితం, నెల నెలా పోషణ భత్యమూ ఉంది. 2018లో 500తో మొదలై 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. కానీ ‘సిమెంటు దుమ్ము దగ్గులే’ అని నెలలు గడిపేస్తారు. టైల్స్, గ్రానైటు కోసేవాళ్లకు ఆ మాట సగం నిజం కావచ్చు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌కు మందే లేదు. క్షయ, సిలికోసిస్ ఒకటికొకటి తోడైతే ఇక చెప్పేదేముంది. ఒకే షెడ్డులో ఆరేడుగురు తలలు కలిపి పడుకునే చోట దగ్గు ఒకరి దగ్గరే ఆగదు.

చట్టం ఏమంటుంది?

పీజీ కుర్రాడి సెలవు దయాదాక్షిణ్యం కాదు, హక్కు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నాటిది. జబ్బు చేసినా, దెబ్బ తగిలినా ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలని అందులో ఉంది. ఆ ఆఫీసును కట్టినవాడికి అలాంటి 12 రోజులు ఏ చట్టంలోనూ రాయలేదు.

అలాగని చట్టాలు లేవా అంటే బోలెడున్నాయి. భవన నిర్మాణ కార్మికుల చట్టం, సెస్సు చట్టం 1996లో వచ్చాయి. కర్ణాటకలో సంక్షేమ బోర్డు 2007లో ఏర్పడింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు ఈ బోర్డుకు చేరుతుంది. వంద కోట్ల అపార్టుమెంటు కడితే కోటి రూపాయలన్నమాట. దేశవ్యాప్తంగా ఇలా పోగైన డబ్బుతో కొన్నిచోట్ల లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్లు కొన్నారని విని 2017లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. 2018 మార్చిలో ఇచ్చిన తీర్పులో కార్మికుల నమోదు, నిధుల ఖర్చు సరిచేయమని ప్రభుత్వాలను గట్టిగానే మందలించింది. ఈ చట్టాలు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో కలిశాయి. సెస్సు, బోర్డు మాత్రం కొనసాగుతున్నాయి.

బోర్డు కార్డు కావాలంటే అంతకుముందు ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు రుజువు చూపాలి. మూడు నెలలకో సైటు మారేవాడికి ఆ కాగితం మీద సంతకం పెట్టేదెవరు? నిజమైన కూలికి సంతకం దొరకదు, ఏనాడూ ఇటుక ముట్టనివాళ్లకు కార్డులు దొరికాయి. అందుకే ఆ తర్వాత కర్ణాటకలో నకిలీ కార్డుల ఏరివేత పెద్ద ఎత్తున చేపట్టాల్సి వచ్చింది. సరే, కార్డు సంపాదించాడనుకుందాం. వైద్య సాయం ఆసుపత్రిలో చేరినవాళ్లకు, పెద్ద జబ్బులకు. షెడ్డులో మూడు రోజులు పడుకున్నందుకు పోయిన కూలి ఎవరూ కట్టివ్వరు.

మిగిలింది ఈఎస్ఐ. నిర్మాణ స్థలాల కార్మికులకు 2015 ఆగస్టు 1 నుంచి ఇది వర్తిస్తుంది. వైద్యం మొదటి రోజు నుంచే. జబ్బు చేస్తే కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. వింటే చాలా బాగుంది. లోపలికి పోతేనే మెలికలు. ఆరు నెలల వ్యవధిలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. కొత్తగా చేరినవాడికి ఈ నగదు సాయం మొదలయ్యేది తొమ్మిది నెలల తర్వాత. జబ్బు చేసిన మొదటి రెండు రోజులకు మామూలుగా డబ్బు రాదు. మూడు రోజుల జ్వరానికి లెక్క కడితే చేతికొచ్చేది ఒక్కరోజు సొమ్ములో 70 శాతం! ఇదంతా కంట్రాక్టరు పేరు నమోదు చేసి చందా కట్టినప్పటి మాట. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. మేస్త్రీ చిన్న నోటుపుస్తకంలో తప్ప పేరు ఎక్కడా లేనివాడికి ఏ శాతమూ లేదు.

సొంత రాష్ట్రం ఇచ్చిన కార్డులు ఇక్కడ కొంతవరకే పనికొస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో దాన్ని ఎంపిక చేసిన చికిత్సలకు బెంగళూరు ఆసుపత్రులకూ విస్తరించింది. గుండె ఆపరేషన్ లాంటి పెద్ద కష్టానికి అది నిజంగా దేవుడే. జ్వరానికి, విరేచనాలకు కాదు.

ఇక ఉచిత వైద్యం. బీబీఎంపీ హయాంలో 2022-23లో వార్డు వార్డుకూ ‘నమ్మ క్లినిక్’లు పెట్టారు. మందులు, చిన్నచిన్న పరీక్షలు ఉచితం. మంచి పనే. మొదలుపెట్టినప్పుడు వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 4.30 వరకు. సైటు పని కూడా సరిగ్గా అప్పుడే. వైద్యం ఉచితమే గానీ, వెళ్లిరావడానికి ఒక పూట కూలి పోతుంది. అందుకే పొద్దుపోయాక తెరిచి ఉండే ప్రైవేటు క్లినిక్కూ, మెడికల్ షాపే దిక్కవుతున్నాయి. భాష అడ్డం అనుకుంటే అదీ కాదు. జ్వరం తెలుగులోనూ కన్నడంలోనూ జ్వరమే!

ఊరు కాని ఊరు

జబ్బు దాచుకోవడానికి ఇంకో కారణం భయం. 2020 జనవరిలో మారతహళ్లికి దగ్గర్లోని కరియమ్మన అగ్రహారలో ‘బంగ్లాదేశీయులు’ అన్న ముద్ర వేసి వలస కూలీల షెడ్లు కూలగొట్టారు. వాటిలో ఉన్నవాళ్లలో ఉత్తర కర్ణాటకవాళ్లూ ఉన్నారు. కర్ణాటక హైకోర్టు దాన్ని తప్పుపట్టింది. కానీ ఆధార్ చూపించినా షెడ్డు నిలబడలేదన్న కబురు షెడ్లన్నిటికీ పాకింది. చిరునామా చెప్పాలన్నా, ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించాలన్నా జంకు మొదలైంది.

రెండు నెలలు దాటగానే లాక్‌డౌన్. ఊరికి పోదామంటే రైళ్లు కావాలి. 2020 మే 5న బిల్డర్లతో ముఖ్యమంత్రి సమావేశం జరిగాక శ్రామిక్ రైళ్ల కోసం పెట్టిన వినతిని కర్ణాటక వెనక్కి తీసుకుంది. దేశమంతా విమర్శలు రావడంతో రెండు మూడు రోజుల్లోనే మాట మార్చుకుంది. పనులు ఆగకూడదనే తొందర పైదాకా ఎంత బలంగా ఉంటుందో ఆ మూడు రోజులు చూపించాయి. జ్వరం ఉందని తెలిస్తే క్వారంటైన్, క్వారంటైన్ అంటే పద్నాలుగు రోజుల నాగా. అందుకే అప్పట్లో దగ్గును మింగేసినవాళ్లే ఎక్కువ.

డబ్బున్న దేశాల్లో వేరుగా ఉంటుందా? సింగపూర్‌లో ఆరు నెలలు పని చేసిన కార్మికుడికి ఏడాదికి 14 రోజుల జీతంతో జబ్బు సెలవు చట్టంలోనే ఉంది. ఆసుపత్రిలో చేరితే అవీ కలిపి 60 రోజులు. డాక్టరు ఇచ్చే చీటీని అక్కడి మనవాళ్లు ‘ఎంసీ’ అంటారు. అయినా 2020 ఏప్రిల్‌లో వలస కార్మికుల డార్మిటరీల్లోనే కరోనా భగ్గుమంది. వర్క్ పర్మిట్ యజమాని చేతిలో ఉన్నంతకాలం ఎంసీ అడగడానికి జంకేవాళ్లు అక్కడా ఉంటారు. అయితే ఒక తేడా ఉంది. అక్కడ అడగడానికి ఒక చీటీ ఉంది. బ్రూక్‌ఫీల్డ్‌లో అడగడానికి ఏదీ లేదు.

ఇప్పుడున్నంతలో..

కొత్త కోడ్‌లు కొన్ని ఆశలు చూపిస్తున్నాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. సొంతంగా వలస వచ్చినవాళ్లనూ అంతర్రాష్ట్ర వలస కార్మికులుగా గుర్తిస్తారు. ఏడాదిలో 180 రోజులు పనిచేస్తే 20 రోజులకు ఒకటి చొప్పున జీతంతో సెలవు. మళ్లీ అదే ప్రశ్న. ఒకే యజమాని దగ్గర 180 రోజులు పనిచేసినట్టు ఏ పుస్తకం చెబుతుంది?

కాబట్టి కథంతా హాజరు దగ్గరికే వస్తుంది. పేరు, తేదీ, కూలి కాగితం మీద పడితేనే బోర్డు కార్డు, ఈఎస్ఐ, సెలవు.. ఏదైనా. కనీసం రోజూ హాజరు చీటీని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే తర్వాత 90 రోజుల రుజువుకు, బాకీ అడగడానికి ఆధారం అవుతుంది. కూలి ఎగ్గొట్టినా, నమోదుకు అడ్డం పెట్టినా కర్ణాటక కార్మిక శాఖ సహాయవాణి 155214కు ఫోన్ చేయొచ్చు. క్షయ మందులు ఇక్కడ మొదలుపెట్టినవాళ్లు ఊరికి పోతే ఆపనక్కర్లేదు. ‘నిక్షయ్’ నంబరు చెబితే కదిరిలోనైనా, ఆదోనిలోనైనా, నారాయణపేటలోనైనా అక్కడి నుంచే కొనసాగిస్తారు.

వానలు మొదలైతే బ్రూక్‌ఫీల్డ్‌లో మెడికల్ షాపుల ముందు ఏడు దాటాక రద్దీ పెరుగుతుంది. ఓ పక్క మెడలో ఐడీ కార్డులు, ఓ పక్క సిమెంటు అంటిన చేతులు. ఒకరు డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తారు. ఇంకొకరు చిల్లర లెక్కపెట్టి, ‘జ్వరానికి రెండు గోలీలియ్యి అన్నా.. రేపు స్లాబుంది’ అంటారు.